ఆ దేశం సంగతి తర్వాత, ముందు జీతం సంగతి చూడండి

ప్రశ్న: మేము నిజాంపేటలో ఉంటాం. మావారు ఎనిమిదేళ్లుగా నైజీరియాలో, లేగోస్ దగ్గర ఒక ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ మేనేజర్‌గా చేస్తున్నారు. నేనూ పాపా కొన్నేళ్లు అక్కడే ఉన్నాం. పాప ఏడో తరగతికి వచ్చాక హైదరాబాద్ వచ్చేశాం, ఇప్పుడు తొమ్మిది చదువుతోంది. అక్కడి ఖర్చులకు నెలకు 6 లక్షల నైరాలు, ఇక్కడి అకౌంట్‌కు 2,000 డాలర్లు, ఇదీ జీతం. నైరా పడిపోయాక అక్కడి డబ్బు ఆయన ఒక్కరికే చాలడం లేదు. డాలర్లు ఈ ఏడాది రెండుసార్లు నెలన్నర ఆలస్యంగా పడ్డాయి. ఇకమీదట మొత్తం నైరాల్లోనే ఇస్తామంటోంది కంపెనీ. ఇక్కడ ఫ్లాట్ ఈఎంఐ నడుస్తోంది. ఖమ్మంలో మా అత్తమామలు టీవీ చూసి భయపడి ‘వెంటనే వచ్చేయమను’ అంటున్నారు. ‘46 ఏళ్లవాడికి హైదరాబాద్‌లో ఎవరిస్తారు ఉద్యోగం’ అని ఆయన. ఫోన్ చేస్తే చాలు ఆ దేశాన్నీ ఆ మనుషుల్నీ తిట్టడమే. అవే మాటలు ఫేస్‌బుక్‌లో కూడా పెడుతున్నారు. వద్దంటే ‘ఎనిమిదేళ్లు పనిచేశాను, పన్ను కట్టాను, నాకు మాట్లాడే హక్కు లేదా?’ అంటారు. పాప నోటికి కూడా అవే మాటలు వస్తున్నాయి. ఆయన్ని రమ్మనాలా, ఉండమనాలా? పోస్టులు ఆపమనడం నా తప్పా?
ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: అమ్మా, మీరు రెండు ప్రశ్నలు అడిగారు గానీ నాకు ఆ రెండూ ఒకదానికొకటి ముడిపడి కనిపిస్తున్నాయి. నైజీరియా బాగుపడుతుందా లేదా అన్నది మీవారు రోజూ ఫోన్‌లో తేలుస్తున్నారు. ఆయన తేల్చాల్సింది అది కాదు. జీతం ఏ కరెన్సీలో వస్తోంది, ఎవరి మాట మీద వస్తోంది, అది ఆగితే మీ ఇల్లు ఎన్ని నెలలు నిలబడుతుంది, ఇవి తేల్చుకోవాలి. దేశం గురించి ఎంత మాట్లాడితే సొంత నిర్ణయాన్ని అంత వెనక్కి నెట్టవచ్చు. ఇల్లూ పిల్లా దూరంగా ఉండి, చేతిలో డబ్బు కళ్లముందే కరిగిపోతున్న మనిషి అలా చేయడం నాకు అర్థమవుతుంది. ఆయన చెడ్డవారని నేను ఒక్క క్షణం కూడా అనుకోవడం లేదు. కానీ ఆ తిట్ల వెనక వాయిదా పడుతున్న లెక్క ఉంది. ముందు దాన్ని బయటికి తీద్దాం.

2023 మే 29న బోలా టినుబు అధ్యక్షుడిగా ప్రమాణం చేసిన రోజే పెట్రోల్ సబ్సిడీ ఇక లేదని ప్రకటించారు. జూన్ మధ్యలో అక్కడి కేంద్ర బ్యాంకు రకరకాల మారకం రేట్లను కలిపేసి నైరాను మార్కెట్‌కు వదిలింది. అంతకుముందు అధికారికంగా డాలర్‌కు 460 చుట్టూ ఉన్న నైరా 2024 మొదట్లోనే 1,500 దాటింది. మీవారి 6 లక్షల నైరాలు పాత రేటు ప్రకారం 1,300 డాలర్లు. 1,500 రేటు ప్రకారం 400 డాలర్లు. జీతం స్లిప్పు మీద అంకె మారలేదు కాబట్టి జీతం తగ్గించామని కంపెనీ ఎప్పుడూ అనలేదు. ఆ భాగంలో మూడింట రెండు వంతుల పైన పోయింది. అదే సమయంలో లీటరు 200 నైరాల లోపు ఉన్న పెట్రోల్ 2024 అక్టోబర్‌కు 1,000 దాటింది. ఆ ఏడాది డిసెంబర్‌లో ధరల పెరుగుదల 35 శాతానికి దగ్గరగా నమోదైంది. ఆయన ఒక్కరికే చాలడం లేదంటే దుబారా చేస్తున్నారని మీ మనసులో ఏ మూలైనా ఉంటే, దయచేసి తీసేయండి.

ఇప్పుడు కంపెనీ చెబుతున్న కొత్త ఏర్పాటు. 2,000 డాలర్లకు బదులు డాలర్‌కు 1,500 రేటు కట్టి 30 లక్షల నైరాలు ఇస్తామంటారు అనుకుందాం. ఆ రేటు లెక్కకు రెండూ సమానమే. రేపు డాలర్ 2,000 నైరాలైతే ఆ 30 లక్షలు 1,500 డాలర్లకు దిగిపోతాయి. డాలర్లలో ఇచ్చే భాగం మీద ఇంతవరకు నైరా పడితే ఆ నష్టం కంపెనీది. సంతకం పెట్టిన రోజు నుంచి అది మీది. పైగా ఆ నైరాలను డాలర్లుగా మార్చి ఇక్కడికి పంపే బాధ్యత కూడా ఆయన నెత్తిన పడుతుంది. కంపెనీలకే డాలర్లు దొరక్క అల్లాడిన దేశం అది. బయటి చెల్లింపులకు డాలర్లు దొరక్క పేరుకుపోయిన బకాయిలు 700 కోట్ల డాలర్ల దాకా ఉండేవని, వాటిని తీర్చేశామని కేంద్ర బ్యాంకు 2024 మార్చిలో ప్రకటించింది. టికెట్లు అమ్మిన డబ్బు బయటికి తీసుకుపోలేక ఎమిరేట్స్ 2022లో నైజీరియా విమానాలు ఆపేసి, మళ్లీ 2024 అక్టోబర్‌లో గానీ మొదలుపెట్టలేదు. అంత పెద్ద విమాన సంస్థకే అలా జరిగిన చోట, నెలనెలా డాలర్లు కొని పంపడం ఒక ఉద్యోగికి ఎంత కష్టమో ఊహించండి.

ఇక్కడే ఒక హెచ్చరిక, గట్టిగా చెబుతున్నాను. లేగోస్‌లో నైరాలు ఇస్తే అమీర్‌పేటలో రూపాయలు చేతికిచ్చే మనుషులు తప్పకుండా తగులుతారు. రేటు కూడా బ్యాంకు కంటే బాగుందనిపిస్తుంది. అది హవాలా. మన విదేశీ మారకం చట్టం ఫెమాకు విరుద్ధం. ఆ డబ్బు ఎన్‌ఆర్‌ఈ అకౌంట్‌లో, అంటే విదేశాల్లో ఉండేవాళ్ల సంపాదన కోసం ఇక్కడ ఉండే ఖాతాలో వేయలేరు, ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరైనా అడిగితే కాగితం చూపించలేరు. మధ్యవాడు మాయమైతే ఫిర్యాదు చేసే దారి కూడా ఉండదు. ఎంత కష్టం వచ్చినా ఆ వైపు వెళ్లవద్దు.

కంపెనీతో కొట్లాడమని నేను అనడం లేదు. వాళ్ల కష్టం నిజమే అయ్యుండవచ్చు. మందుల కంపెనీ జీఎస్‌కే 2023లో నైజీరియా నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ అక్కడ తయారీ ఆపి దిగుమతులకు మారుతున్నట్టు అదే ఏడాది డిసెంబర్‌లో చెప్పింది. విదేశీ ఉద్యోగి ఒక్కొక్కరికి ఏడాదికి 10,000 డాలర్లు, డైరెక్టర్లకు 15,000 డాలర్లు లెవీ కట్టాలని 2024 ఫిబ్రవరిలో ప్రభుత్వం తెచ్చిన పథకాన్ని వ్యాపార సంఘాలు గొడవ చేస్తే మరుసటి నెలలో పక్కనపెట్టారు. ఆ చర్చ జరిగిన ప్రతి కంపెనీలో యజమానులు ఒక్కసారైనా లెక్క వేసుకుని ఉంటారు, ఈ ఇండియన్ మేనేజర్ మనకు ఎంత ఖరీదు పడుతున్నాడని. మీవారు ఆ లెక్క తెలిసిన మనిషిగా వెళ్లి మాట్లాడాలి. మొత్తం నైరాలైనా సరే, జీతం ఇచ్చే రోజు కేంద్ర బ్యాంకు రేటు ప్రకారం 2,000 డాలర్లకు సమానమైన నైరాలు ఇవ్వమనాలి. అది కుదరదంటే సగమైనా డాలర్లలో ఉంచమనాలి. అదీ కాదంటే మూడు నెలలకోసారి జీతం తిరిగి లెక్కగట్టేలా రాసివ్వమనాలి. నోటిమాట వద్దు. ఈమెయిల్ అయినా చాలు, కానీ రాతలో ఉండాలి.

ఇక రమ్మనాలా, ఉండమనాలా. నన్ను సూటిగా చెప్పమంటే, ఈరోజు రాజీనామా చేయవద్దు. అలాగని తేదీ లేకుండా ఉండిపోవద్దు. ఇద్దరూ కూర్చుని, ఏం జరిగితే వచ్చేయాలో ఇప్పుడే రాసుకోండి. గొడవ ముదిరాక, బాకీ పేరుకున్నాక బుర్ర సరిగా పనిచేయదు. 2016లో చమురు ధర పడిపోయి సౌదీలో పెద్ద పెద్ద నిర్మాణ కంపెనీలు నెలల తరబడి జీతాలు ఆపేసినప్పుడు వేలమంది భారతీయులు క్యాంపుల్లో చిక్కుకుపోయారు. ఇన్ని నెలల డబ్బు రావాలి, వదిలేసి ఎలా పోతాం అన్న ఆశే చాలామందిని ఇంకో నెల, ఇంకో నెల అక్కడే ఆపింది. కరీంనగర్, నిజామాబాద్ వైపు పల్లెల్లో అడగండి, గల్ఫ్‌లో జీతం బాకీ మనిషిని ఎలా కట్టిపడేస్తుందో చెప్పగలిగిన ఇళ్లు చాలా ఉన్నాయి. అందుకే నా లెక్కలో మొదటి గీత బాకీ దగ్గరే గీయాలి. రెండు నెలల జీతం బాకీ పడిందంటే మూడో నెల కోసం ఎదురుచూడకూడదు. రేటుకు ముడిపెట్టకుండా మొత్తం నైరాల్లోనే ఇస్తామని కంపెనీ తేల్చి చెబితే అది రెండో గీత. సెర్పాక్, అంటే అక్కడ ఉండటానికిచ్చే కార్డు, గడువు దాటినా కంపెనీ రెన్యూ చేయించకుండా నాన్చితే ఇంకేమీ ఆలోచించాల్సిన పని లేదు. ఆ కార్డు, విదేశీ ఉద్యోగులను పెట్టుకోవడానికి ఇచ్చే కోటా అన్నీ కంపెనీతోనే ముడిపడి ఉంటాయి, అది లేకుండా అక్కడ ఒక్కరోజు ఉన్నా ఆయనకే ప్రమాదం. పాస్‌పోర్టు ఆయన చేతిలోనే ఉందో లేదో ఈ రాత్రే అడగండి. ఆఫీసు బీరువాలో ఉంటే ఏదో ఒక పని చెప్పి తెచ్చుకోమనండి. మన హైకమిషన్ అబుజాలో ఉంది, లేగోస్‌లో దానికి ఆఫీసు ఉంది. అక్కడ పేరు నమోదు చేసుకోలేదంటే చేసుకోమనండి.

ప్రాణభయం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ అత్తమామల బాధ అదే. 2024 ఆగస్టు 1 నుంచి ధరలకు, పాలనకు వ్యతిరేకంగా దేశమంతా నిరసనలు జరిగాయి, మనుషులు చనిపోయారు. అది చిన్న విషయం కాదు. అయితే కర్ఫ్యూలు పెట్టింది కానో లాంటి ఉత్తరాది రాష్ట్రాల్లో. కానో నుంచి లేగోస్‌కు రోడ్డు మీద దాదాపు వెయ్యి కిలోమీటర్లు. టీవీలో ‘నైజీరియాలో అల్లకల్లోలం’ అని పడితే ఖమ్మంలో ఆ తేడా కనపడదు. పెద్దవాళ్లకు మ్యాప్ తీసి చూపించండి. దానివల్ల సగం భయం తగ్గుతుంది, మిగతా సగం ఉండాల్సిందే.

‘46 ఏళ్లవాడికి ఎవరిస్తారు’ అన్న మాట నేను ఒప్పుకోను. అక్కడి కరెంటు సంగతి మీకు తెలుసు. 2024లో గ్రిడ్ ఎన్నోసార్లు కుప్పకూలింది, ఫ్యాక్టరీలు సొంత జనరేటర్ల మీదే బతుకుతున్నాయి. ఆ పరిస్థితిలో విడిభాగాలు సమయానికి దొరక్కపోయినా లైను ఆగకుండా ఎనిమిదేళ్లు ప్లాంటు నడిపిన మనిషి ఆయన. జీడిమెట్ల, పాశమైలారం, చర్లపల్లిలో ప్లాస్టిక్, ప్యాకేజింగ్ యూనిట్లు ఎన్ని ఉన్నాయో ఆయనకు నాకంటే బాగా తెలుసు. జీతం అక్కడంత రాదు, అది ముందే ఒప్పుకోండి. కానీ చేతిలో ఉద్యోగం ఉండగా వెతకడం వేరు, బ్యాగు సర్దుకుని వచ్చాక వెతకడం వేరు. రెజ్యుమే ఈ వారమే రాసి పంపమనండి. వచ్చే సెలవులో చుట్టాల ఇళ్లకు తిరగడం కాస్త తగ్గించి, నలుగురు ప్లాంట్ హెడ్‌లను కలవమనండి. ఘానాకో కెన్యాకో మారదామన్న ఆలోచన ఉంటే జాగ్రత్త. ఘానా 2022 డిసెంబర్‌లో విదేశీ అప్పులు కట్టడం ఆపేసింది, కెన్యాలో 2024 జూన్‌లో పన్నుల బిల్లు మీద జనం పార్లమెంటులోకి దూసుకెళ్లారు. దేశం మారినంత మాత్రాన ఈ లెక్క మారదు.

మీవైపు కూడా పని ఉంది. ఆరు నెలల ఈఎంఐ, ఆరు నెలల ఇంటి ఖర్చు, పాప ఫీజు కలిపి ఎంతో ఒక కాగితం మీద వేయండి. అంత డబ్బు చేతికందేలా ఉంటే ఆయన కంపెనీ ముందు గట్టిగా మాట్లాడగలరు. లేకపోతే ఏ కాగితం పెట్టినా సంతకం పెట్టేస్తారు. తిరిగి వచ్చేట్టయితే ఎన్‌ఆర్‌ఈ అకౌంట్‌ను మామూలు అకౌంట్‌గా మార్చమని బ్యాంకుకు చెప్పాలి. చేతిలో ఉన్న డాలర్లను డాలర్లుగానే ఉంచుకోవాలంటే, తిరిగొచ్చినవాళ్లకు ఆర్‌ఎఫ్‌సీ అకౌంట్ అని ఒకటి ఉంది, అడగండి. ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఆయన ఎన్ని రోజులు ఇండియాలో ఉన్నారన్నదాన్ని బట్టి అక్కడి జీతం మీద ఇక్కడ పన్ను పడుతుందా లేదా అన్నది మారుతుంది. కాబట్టి టికెట్ తేదీ వేసే ముందు ఒక ఆడిటర్‌తో గంట మాట్లాడండి.

ఇప్పుడు పోస్టుల సంగతి. ఆపమనడం మీ తప్పు కాదు. భయంతోనే చెప్పారు, ఆ భయానికి కారణం ఉంది. అక్కడ 2015 నాటి సైబర్ నేరాల చట్టం ఉంది, సోషల్ మీడియాలో రాసినదానికి సొంత పౌరుల మీదే, విలేకరుల మీదే దాన్ని ప్రయోగించారు. 2024 ఆగస్టు నిరసనల సమయంలో కానోలో ఏడుగురు పోలండ్ దేశస్థులను పట్టుకున్నారు. విద్యార్థులూ, ఒక లెక్చరరూ. ఆ నెలలోనే వదిలేశారు గానీ, అలాంటి రోజుల్లో విదేశీయుడి మీద అనుమానం ఎంత తేలిగ్గా పడుతుందో అర్థమైంది కదా. అయినా నేను ఆయన్ని మానమనేది ఈ భయం వల్ల మాత్రమే కాదు.

మాట్లాడే హక్కు ఆయనకు ఉంది. ఆ దేశంలో పనిచేశారు, పన్ను కట్టారు, 2023 మొదట్లో పాత నోట్లు మార్చే గందరగోళంలో నగదు కోసం తిరిగారు. మనం 2016 నవంబర్‌లో ఏటీఎంల ముందు నిలబడినట్టే వాళ్లూ నిలబడ్డారు. ధరల గురించి, విధానాల గురించి, ఆలస్యమైన జీతం గురించి ఆయన చెప్పేదానికి విలువ ఉంది. ‘ఈ మనుషులింతే, ఈ దేశం బాగుపడదు’ అనేది అలాంటి మాట కాదు. అది తీర్పు. ఆ తీర్పు ఇచ్చిన మనిషి దగ్గర పాస్‌పోర్టు ఉంది, నిజాంపేటలో ఫ్లాట్ ఉంది, దోహా మీదుగానో అడిస్ అబాబా మీదుగానో వచ్చేసే దారి ఉంది. ఆయన కింద పనిచేసే హెల్పర్‌కు అవేవీ లేవు. అక్కడ కనీస వేతనం 2024 జూలైలో 30,000 నుంచి 70,000 నైరాలకు పెరిగింది. అప్పటి రేటుకు డాలర్లలో చూస్తే 50 కూడా కాదు. బస్సు చార్జీలు పెరిగాక ఆ డబ్బుతో పనికి వచ్చిపోవడమే గండం. ఆ పోస్టు చదివేది కూడా వాళ్లే. ఆయన మెషీన్ల మధ్య రాత్రి షిఫ్టులో నిలబడేది, గొడవల రోజున ఆయన్ని క్షేమంగా ఇంటికి చేర్చేది కూడా వాళ్లే.

1991లో మన దగ్గర విదేశీ మారకం కొన్ని వారాల దిగుమతులకు మాత్రమే మిగిలింది. బంగారం విమానాల్లో బయటికి పంపి కుదువపెట్టాం. జూలై మొదటి వారంలో రెండు రోజుల తేడాతో రెండుసార్లు రూపాయి విలువ తగ్గించాం. అప్పుడే మన తెలుగువాడు పి.వి.నరసింహారావు ప్రధాని అయ్యారు. ఆ రోజుల్లో బయట ఉన్న మనవాళ్లే ఎందరో ఇక్కడి ఎన్‌ఆర్‌ఐ డిపాజిట్లు వెనక్కి తీసుకున్నారు. ఎవరి డబ్బు గురించి వాళ్లు జాగ్రత్తపడటాన్ని నేను తప్పుపట్టను. కానీ అప్పుడు ఢిల్లీలోనో బొంబాయిలోనో పనిచేస్తున్న విదేశీ మేనేజర్ ఒకడు, ఈ ఇండియన్లు ఇంతే, ఎప్పటికీ బాగుపడరు అని నలుగురికీ చెప్పి ఉంటే, మీవారు ఈరోజు విన్నా మండిపడతారు. ఆయనతో ఈ ఒక్క మాట మీరు చెప్పండి. నేను చెప్పానని చెప్పినా ఫర్వాలేదు.

పాప విషయంలో మాత్రం ఆలస్యం చేయకండి. మన హైదరాబాద్‌లో టోలిచౌకి పారామౌంట్ కాలనీ వైపు నైజీరియా, సూడాన్, సోమాలియా నుంచి చదువుకో వైద్యానికో వచ్చినవాళ్లు ఎంతోమంది ఉంటారు. ఇల్లు అద్దెకు అడిగితే రంగు చూసి లేదనే ఓనర్లు ఉన్నారు. వాళ్లు తమ ఊళ్లకు ఫోన్ చేసి మన గురించి ఏం చెప్పుకుంటారో ఆలోచిస్తే నాకు సిగ్గేస్తుంది. మీ పాప లేగోస్‌లో కొన్నేళ్లు చదివిన పిల్ల. అక్కడ స్నేహితులు ఉండే ఉంటారు. వాళ్లలో ఒకరితోనైనా ఇప్పటికీ మాట్లాడుతోందా? లేకపోతే మాట్లాడమనండి. తండ్రి నోటి నుంచి విన్న మాట కంటే తను ఎరిగిన పిల్ల చెప్పిన మాట ఆమెకు ఎక్కువ అంటుకుంటుంది. మీవారికి కూడా ఒక నియమం పెట్టండి. పాపతో మాట్లాడేటప్పుడు ఆ రోజు ప్లాంటులో తనకు సాయం చేసిన ఒక మనిషి గురించి చెప్పాలి. కోపం ఉంటే మీతో చెప్పుకోమనండి, మీరు వినండి. ఆ కోపానికి కూడా ఒక చోటు కావాలి, అది ఫేస్‌బుక్ కాకూడదు.

మీ అత్తమామలకు ‘వస్తారు’ అనీ చెప్పకండి, ‘రారు’ అనీ చెప్పకండి. ఇద్దరూ రాసుకున్న గీతలేమిటో చెప్పండి: రెండు నెలల జీతం బాకీ పడితే వస్తారు, రేటుకు ముడిపెట్టకుండా మొత్తం నైరాల్లోనే ఇస్తామంటే వస్తారు, కార్డు రెన్యూ కాకపోతే వస్తారు, అవేవీ జరగకపోయినా పాప పదో తరగతి పరీక్షలు అయ్యాక మళ్లీ కూర్చుని చూసుకుంటారు అని. ఆ మాట మీ నోటితో కాకుండా, ఆయనే వాళ్ల నాన్నగారికి ఫోన్ చేసి చెప్పడం మంచిది. ఇన్నాళ్లూ ఆయన తరఫున అందరికీ జవాబు చెబుతున్నది మీరు ఒక్కరే అని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది.